మిరప ప్రశ్నలకు తెలుగు సెర్చ్: ప్రాజెక్టు డైరీ

తెలుగు పేజీల మీద సొంతంగా చిన్న సెర్చ్ ఇంజన్ కట్టుకోవాలనుకునేవాళ్లు చూసి చేసుకోవడానికి ఈ డైరీ. మాకు తగిలిన దెబ్బలు మళ్లీ ఎవరికీ తగలకూడదు. మాది గుంటూరు. పేజీలన్నీ మిరప సాగు మీదివే: వ్యవసాయ విశ్వవిద్యాలయం కరపత్రాలు, పాత వ్యవసాయ పత్రికల కాగితాలు, రైతు శిక్షణల్లో పంచిన చిన్న పుస్తకాలు. మీ పేజీలు వరి మీదివైనా, ఊరి లైబ్రరీలోవైనా 2, 3, 4 దశలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

సామాను: 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ (గ్రాఫిక్స్ కార్డు లేదు), అరువు తెచ్చిన ఫ్లాట్‌బెడ్ స్కానర్, పైథాన్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో మాటలు వెతికే భాగం ఎఫ్‌టీఎస్5, బొమ్మలోంచి అక్షరాలు తీయడానికి టెసెరాక్ట్. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే.

## దశ 1: ముందు ప్రశ్నలు

మా బాబాయికి మిర్చి యార్డు దగ్గర పురుగుమందుల కొట్టు ఉంది. అక్కడికి వచ్చిన రైతులు ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకున్నాం. ఉదాహరణకి:

"మిరగ తోటలో ఆకు పైకి దొన్నెలాగా ముడుచుకుంటంది, ఏం కొట్టాల?"

ఇదే సంగతి కరపత్రంలో "తామర పురుగులు ఆశించిన ఆకుల అంచులు పైకి ముడుచుకుంటాయి" అని ఉంటుంది. రైతు మిరగ అన్నాడు, కరపత్రం మిరప అంటుంది. రైతుకు పురుగు పేరు తెలియదు, కరపత్రం ఆ పేరుతోనే మొదలవుతుంది. రైతుకీ కాగితానికీ మధ్య ఉన్న ఈ దూరం తగ్గించడమే ప్రాజెక్టు మొత్తం.

ప్రశ్నల్ని ముందే రాసిపెట్టుకుని, ఒక్కో ప్రశ్నకు సరైన పేజీ ఏదో మనుషుల చేత గుర్తు పెట్టించి, ఆ తర్వాత యంత్రానికి పరీక్ష పెట్టడం పాత పద్ధతే. 1960లలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ అలాగే చేశాడు. తెలుగు ప్రశ్నలతో తయారైన పరీక్షలు లేకపోలేదు. 2020లో గూగుల్ విడుదల చేసిన టైడీ క్యూఏలోని 11 భాషల్లో తెలుగు ఒకటి. కాకపోతే దాని జవాబులు వికీపీడియా వ్యాసాల్లోంచి వచ్చినవి, మిరప తోటకు పనికిరావు. అందుకని సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది.

1. ప్రశ్నను విన్నది విన్నట్టు రాయాలి. యాస మార్చకూడదు.
2. సరైన పేజీ ఏదో ఇద్దరు విడివిడిగా గుర్తించాలి. తేడా వస్తే కొట్లో కూర్చుని తేల్చుకోవాలి.
3. మన దగ్గర జవాబు లేని ప్రశ్నల్ని తీసేయకూడదు. అవి 9వ దశలో బంగారం.

లెక్క: 60 ప్రశ్నలు. 54కు మా పేజీల్లో జవాబు ఉంది, 6కు లేదు. సరైన పేజీ మొదటి ఐదు ఫలితాల్లో వస్తే ఒక మార్కు. ఇక్కడి నుంచి ప్రతి దశ చివరా 54కు ఎన్ని వచ్చాయో రాస్తాను.

## దశ 2: పేజీల్లోంచి అక్షరాలు

పీడీఎఫ్‌లు మూడు రకాలు. ఏది ఏ రకమో తేలాలంటే నాలుగు లైన్లు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే చాలు.

1. తెలుగు తెలుగుగానే వస్తే యూనికోడ్. నేరుగా వాడుకోవచ్చు. ఒత్తులు, గుణింతాలు అటూ ఇటూ అయ్యాయేమో ఒక్క పేజీ చదివి చూడాలి.
2. ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా వస్తే అది యూనికోడ్‌కు ముందు నాటి డీటీపీ ఫాంటు.
3. ఏమీ రాకపోతే అది స్కాన్ బొమ్మ.

రెండో రకానికి ఫాంటు మార్చే కన్వర్టర్లతో మొదలుపెట్టాం. ఒక్కో ప్రెస్సు ఒక్కో ఫాంటు వాడింది, ఒకే పుస్తకంలో హెడ్డింగుకు ఒకటి, లోపలి మేటరుకు ఇంకొకటి. ప్రతి ఫాంటుకూ పట్టిక రాయడం తెమిలే పని కాదు. అందుకని ఆ పేజీల్ని కూడా 300 డీపీఐ బొమ్మలుగా మార్చి టెసెరాక్ట్‌కు ఇచ్చాం. రెండో రకానికీ మూడో రకానికీ ఒకే దారి అయింది.

అసలు చిక్కు అంకెల దగ్గర. స్కాన్‌లో చుక్క మసకగా ఉంటే "0.5 మి.లీ." కాస్తా "05" అవుతుంది, ఒక్కోసారి "5" అవుతుంది. కథల పుస్తకంలో అయితే ఒక అచ్చుతప్పు, అంతే. ఇక్కడ లీటరు నీటికి పది రెట్లు మందు. చేత్తో దిద్దుదామని కూర్చున్నాం గానీ, వందల పేజీల్లో ఒక్క చుక్క కూడా జారదని పూచీ ఎవరివ్వగలరు?

మార్చింది ఇది: గుర్తించిన అక్షరాలు వెతకడానికి మాత్రమే. చూపించేటప్పుడు అసలు కాగితంలోని ఆ పేరా బొమ్మనే కత్తిరించి చూపించాలి. ప్రతి పేరాకు పేజీ నంబరు, నాలుగు మూలల కొలతలు డేటాబేస్‌లో దాచాం. మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్న నిర్ణయం ఇదే. పెద్ద సెర్చ్ ఇంజన్లు కూడా మందు మోతాదు, డబ్బు, చట్టం లాంటి వాటికి ఇలా అసలు కాగితాన్నే చూపించే రోజు రావాలి.

లెక్క: 386 పేజీలు. యూనికోడ్ 118, పాత ఫాంటు 97, స్కాన్ 171. పేరాలుగా విడగొడితే 1,940.

## దశ 3: గుణింతాలు మింగేసిన ఇండెక్స్

సెర్చ్ ఇంజన్ పేజీల్ని వెతకదు, తిరగేసిన పట్టికను వెతుకుతుంది. ఏ మాట ఏయే పేరాల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చే ముక్కను టోకెనైజర్ అంటారు. ఎఫ్‌టీఎస్5లో మామూలుగా ఉండేది యూనికోడ్61.

మొదటి పరీక్షలో "పురుగు" అని కొడితే మొక్క "పెరుగుదల", "దిగుబడి పెరుగుతుంది" అన్న పేరాలు వరుసగా వచ్చాయి. "నల్లి" అని కొడితే "నల్ల రేగడి నేలలు" వచ్చింది. "పొలం" అంటే "పాలు". మార్కులు 54కు 8.

కారణం ఇది. ఆ టోకెనైజర్ మామూలుగా అక్షరాల్ని, అంకెల్ని మాత్రమే మాటలో భాగంగా లెక్కేస్తుంది. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు "అక్షరం" వర్గంలో లేవు. అవి "మార్క్" అన్న వేరే వర్గంలో, ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే రెండు గుంపుల్లో ఉన్నాయి. దాంతో ప్రతి గుణింతం దగ్గరా మాట తెగిపోతుంది. "పురుగు" మూడు ముక్కలు: ప, ర, గ. "పెరుగు" కూడా ప, ర, గ. ఇక రెంటికీ తేడా ఏముంది?

1. టేబుల్ తయారుచేసేటప్పుడే టోకెనైజర్‌కు కేటగిరీస్ అనే ఆప్షన్ ఇవ్వాలి.
2. అందులో మామూలుగా ఉండే ఎల్, ఎన్, సీఓ వర్గాలతో పాటు ఎమ్ఎన్, ఎమ్‌సీ చేర్చాలి.
3. పాత టేబుల్‌ను మార్చలేం. తీసేసి మళ్లీ కట్టాలి.

ఈ ఒక్క మార్పుతో 8 నుంచి 22. వేరే ఏ కిటుకూ ఒక్కసారిగా ఇన్ని మార్కులు తేలేదు. తెలుగులో సెర్చ్ బాగుపడాలంటే ముందు చూడాల్సింది ఇలాంటి పునాది లెక్కలు అని గట్టిగా చెప్తున్నాను. ఎంత గొప్ప మోడల్ పైన కూర్చోబెట్టినా కింద మాట ముక్కలైపోతుంటే లాభం లేదు.

తర్వాత అక్షరాల్ని ఒక దారికి తేవాలి. ఈ పని పేజీలకూ ప్రశ్నలకూ ఒకేలా చేయాలి, ఒక పక్కే చేస్తే ఉన్నది కూడా పోతుంది.

1. "మార్కెట్‌లో" అన్నప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. అన్నిచోట్లా తీసేశాం.
2. "కుళ్ళు", "కుళ్లు" రెండు రకాలుగానూ రాస్తారు. ళ్ళ అంతా ళ్లగా మార్చాం. కాయకుళ్లు మీద ప్రశ్నలన్నీ దీనితోనే కుదురుకున్నాయి.
3. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. "పై ముడత" అక్కడే తప్పిపోతోంది. పైథాన్‌లో ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో సర్దితే చాలు.

లెక్క: 26.

## దశ 4: ప్రత్యయాలతో పేచీ

"ఆకులకు", "ఆకుల్లో", "ఆకును", "ఆకులపై" అన్నీ ఆకే. చివర్లు కోసేస్తే సరిపోతుందని లు, కు, కి, ను, ని, లో, తో, పై లాంటి వాటితో ఒక జాబితా రాసి కోయించాం. మార్కు ఒక్కటే పెరిగింది: 27. కొత్తగా 6 వచ్చాయి, అంతకుముందు బాగున్నవి 5 పోయాయి.

పోయినవి ఏవో చూస్తే అన్నీ ముఖ్యమైన మాటలే. "కు" కోస్తే ఆకు కాస్తా "ఆ". "ను" కోస్తే పేను కాస్తా "పే". "లు" కోస్తే తెగులు కాస్తా "తెగు". తెగులు ఏకవచనమని యంత్రానికి ఎవరు చెప్పాలి? బహువచనం తెగుళ్లు. పోనీ "ళ్లు" వస్తే ఏదో ఒకటిగా మారుద్దామంటే వేళ్లు వేరు నుంచి, తెగుళ్లు తెగులు నుంచి, ముళ్లు ముల్లు నుంచి, గూళ్లు గూడు నుంచి వస్తాయి. నిఘంటువు లేకుండా వెనక్కి వెళ్లే దారి లేదు.

ఎఫ్‌టీఎస్5లో ట్రైగ్రామ్ అనే ఇంకో టోకెనైజర్ ఉంది. మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా చేస్తుంది. ఇంగ్లీషుకు బాగుంటుంది. మనకు "కుళ్లు" చూడ్డానికి రెండక్షరాలైనా లోపల ఆరు గుర్తులు: క, ఉత్వం, ళ, పొల్లు, ల, ఉత్వం. మూడేసి చొప్పున కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది.

చివరికి నిలిచింది ఇది:

1. మాటను మనం పలికే అక్షరాలుగా విడగొట్టాలి. హల్లు, దాని ఒత్తులు, గుణింతం, సున్నా కలిపి ఒకటి.
2. పక్కపక్క రెండేసి అక్షరాల జతలు రాయాలి. "ఆకులకు" అంటే ఆకు, కుల, లకు. "తెగుళ్లు" అంటే తెగు, గుళ్లు.
3. ఈ జతల్ని రెండో కాలమ్‌లో పెట్టాలి. మొదటి కాలమ్‌లో పూర్తి మాటలు అలాగే ఉండాలి.
4. ప్రశ్నకు ఏ పేరా ఎంత దగ్గరో స్కోరు వేసే బీఎమ్25 లెక్కలో మొదటి కాలమ్‌కు 3, రెండో దానికి 1 బరువు. ఎఫ్‌టీఎస్5 ఈ స్కోరును రుణాత్మకంగా ఇస్తుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. వరుస తిరగేశారో చెత్త పైకి వస్తుంది.

దీంతో 34. నీరు, నీటి, నీళ్లు మాత్రం జతల్లో కూడా కలవవు. వేరు–వేళ్లు, చెట్టు–చెట్ల లాంటివి కలిపి చేత్తో చిన్న పట్టిక రాశాం. ఇంకో రెండు వచ్చాయి.

లెక్క: 36.

## దశ 5: రైతు మాట, కాగితం మాట

ఇది కంప్యూటర్ పని కాదు, కొట్లో కూర్చుని చేసే పని. బాబాయి చెప్తుంటే రాసుకోవడమే. మిరగ, మిరప, మిర్చి. త్రిప్స్, తామర పురుగు. మైట్స్, నల్లి. బొబ్బర, జెమినీ వైరస్. మందు కొట్టడం, పిచికారీ చేయడం. పుస్తకంలో "నారుమడి" అని ఉంటే రైతు "నారు పోసిన కాడ" అంటాడు.

ఒక జాగ్రత్త. పర్యాయపదాల్ని ఇండెక్స్‌లో కలపకండి, ప్రశ్న వచ్చినప్పుడు విస్తరించండి. పట్టికలో మాట మార్చిన ప్రతిసారీ ఇండెక్స్ కట్టక్కర్లేదు, ఏ మాట వల్ల ఏ ఫలితం వచ్చిందో కూడా కనిపిస్తుంది.

లెక్క: 43.

## దశ 6: అర్థం పట్టే మోడల్, తిరగబడిన ఆకు

ఇప్పుడందరూ చెప్పేది ఇదే: మాటలు కలవకపోయినా అర్థం కలిస్తే చాలు. వాక్యాన్ని అంకెల వరుసగా మార్చి, దగ్గరగా ఉన్న వరుసల్ని వెతకడం. 2020లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన లాబ్సే మోడల్‌కు 109 భాషలు వచ్చు, వాటిలో తెలుగు ఉంది. ఒక్కో పేరాకు 768 అంకెలు, అంటే 3,072 బైట్లు. 1,940 పేరాలకు 6 ఎంబీ కూడా కాదు. పాత లాప్‌టాప్ మీదే నడిచింది.

ఒంటరిగా దీనికి వచ్చినవి 33. మాటల పద్ధతికన్నా పది తక్కువ. కానీ గెలిచిన చోట్ల బాగా గెలిచింది. "కాయ మీద మచ్చొచ్చి లోపల గింజ కూడా పాడైపోతంది" లాంటి పొడుగు వర్ణనలకు సరైన పేజీ పట్టుకుంది. ఓడిన చోట మాత్రం ప్రమాదకరంగా ఓడింది.

మిరపలో ఆకు ముడత రెండు రకాలు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి పడవలా అవుతుంది, అది పై ముడత. నల్లి పడితే కిందికి ముడుచుకుని ఆకు తిరగేసిన పడవలా ఉంటుంది, కాడ పొడుగు సాగుతుంది, అది కింది ముడత. తామర పురుగు కీటకం. నల్లి ఎనిమిది కాళ్లది, సాలీడు జాతికి దగ్గర. ఒకదాని మందు రెండోదానికి పనిచేయాలని లేదు. మోడల్ దృష్టిలో ఈ రెండు పేరాలూ ఇంచుమించు ఒకటే, ఎందుకంటే రెంటి చుట్టూ ఉన్న మాటలన్నీ అవే: ఆకు, ముడత, రసం పీల్చడం, దిగుబడి తగ్గడం. పై ముడత అని అడిగితే కింది ముడత పేజీ మొదట వచ్చింది.

బాబాయి ఆ ఫలితం చూసి, "ఆకు పైకి తిరిగిందా కిందికి తిరిగిందా అన్నదే మొదటి ప్రశ్నరా. అది తప్పితే కొట్టిన మందంతా నేలపాలే" అన్నాడు.

రెండు మార్పులు చేశాం.

1. మాటల జాబితా, మోడల్ జాబితా రెంటినీ రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ పద్ధతిలో కలిపాం. కార్మాక్, క్లార్క్, బ్యూట్‌షర్ 2009లో చెప్పింది. ఒక్కో జాబితాలో పేరా ఎన్నో స్థానంలో ఉందో చూసి, ఆ స్థానానికి 60 కలిపి, 1ని దానితో భాగించి, రెండు జాబితాలవీ కూడడమే. ఒకదానిలో 1, ఇంకోదానిలో 3 వస్తే 1/61 + 1/63, అంటే 0.0323. ఒక్క జాబితాలోనే మొదట ఉన్నది 0.0164 దగ్గర ఆగిపోతుంది. స్కోర్ల కొలతలు వేరైనా గొడవ లేదు. మార్కులు 45.
2. ప్రశ్నలో పైకి, కిందికి లాంటి దిక్కు మాట ఉంటే పేరాలో కూడా అదే ఉండాలని నియమం పెట్టాం. వ్యతిరేకమైన మాట ఉన్న పేరా కిందికి పోతుంది. ఇంకో రెండు.

లెక్క: 47.

## దశ 7: ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు

ఫోన్లో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. దీర్ఘం ఉండదు, ఒత్తు ఒకసారి ఉంటుంది ఒకసారి ఉండదు, త–ట, ద–డ, న–ణ, ల–ళ ఒకటైపోతాయి. తెలుగు లిపిలోకి మార్చే పట్టిక రాస్తే ఒక్కో మాటకు పదుల రూపాలు వచ్చి పనికిరాకుండా పోయింది.

ఇక్కడ 3వ దశలో మమ్మల్ని ముంచిన సంగతే పనికొచ్చింది. గుణింతాలు తీసేసిన హల్లుల అస్థిపంజరం! ఇండెక్స్‌లోని ప్రతి మాటకూ గుణింతం తీసి, జంట హల్లుల్ని ఒకటి చేసి, త–ట లాంటి జతల్ని కలిపి ఒక తాళంచెవి తయారుచేశాం. టైపు చేసిన మాటకూ అదే చేశాం. తాళంచెవి కలిసిన తెలుగు మాటల్లోంచి అచ్చులు దగ్గరగా ఉన్న మూడింటిని తీసుకుంటే చాలు. పురుగు, పెరుగు రెండూ ఒకే గుంపులో వచ్చినా, అచ్చులు చూసేసరికి పురుగు ముందుంటుంది.

కొట్లో పనిచేసే కుర్రాళ్ల చేత ఆ 54 ప్రశ్నల్నీ మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించాం. వచ్చినవి 37.

## దశ 8: నిషేధించిన మందు మొదటి వరుసలో

మార్కులు బాగున్నాయి కదా అని కొట్లో పెడదామనుకునే ముందు, ప్రతి ప్రశ్నకూ మొదట వచ్చిన పేరాను బాబాయి చదివాడు. నల్లి ప్రశ్నకు వచ్చిన పాత కరపత్రం డైకోఫాల్ కొట్టమంటోంది. మాటలు చక్కగా కలిశాయి, లక్షణాలు సరిగ్గా రాసి ఉన్నాయి, మా లెక్కలో పూర్తి మార్కు. కానీ డైకోఫాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఎండోసల్ఫాన్ రాసిన పేజీలు ఇంకా ఉన్నాయి, దాన్ని సుప్రీంకోర్టు ఆపింది 2011 మేలో. ఫోరేట్, ట్రైఅజోఫాస్‌లకు 2020 డిసెంబరు 31తో గడువు ముగిసింది.

పేజీ అచ్చయిన రోజు అందులో తప్పు లేదు. కాలం మారింది. బీఎమ్25కు కాలం తెలియదు, లాబ్సేకూ తెలియదు. సెర్చ్ ఇంజన్ల భవిష్యత్తు అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే: "ఈ మాట నిజమేనా" అన్నదానికి "ఎప్పటికి నిజం" అన్నది కూడా తోడుగా రావాలి.

మార్చినవి:

1. ప్రతి పేజీకి అచ్చయిన సంవత్సరం కాలమ్. కొత్త ముద్రణ అయితే లోపలి మేటరు ఎప్పటిదో అదే రాయాలి, అట్ట మీది సంవత్సరం కాదు. తెలియకపోతే "సంవత్సరం తెలియదు" అని రాసి కొంచెం కిందికి.
2. నిషేధించిన మందుల పట్టిక, పక్కన తేదీ. తెలుగులో ఒకే మందును నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి 7వ దశలోని తాళంచెవితో పోల్చాం.
3. అలాంటి పేరాను తీసేయలేదు. కిందికి దించి, పైన ఎర్ర పట్టీతో "ఈ మందు నిషేధం" అని సంవత్సరం వేశాం.

ఎందుకు తీసేయలేదంటే, లక్షణాల వర్ణన ఆ పాత పేజీలోనే బాగుంటుంది. రైతు దగ్గర పాత కరపత్రం ఇంట్లో ఉండే ఉంటుంది కూడా. మనం దాచేస్తే అతను దాన్నే నమ్ముతాడు. ఎర్ర పట్టీతో చూపిస్తే ఆగుతాడు.

లెక్క: 47లో మార్పు లేదు. మొదటి ఫలితంలో నిషేధిత మందు కనిపించిన ప్రశ్నలు 7 నుంచి 0.

## దశ 9: "లేదు" అని చెప్పడం

పక్కన పెట్టుకున్న ఆ ఆరు ప్రశ్నలు ఇప్పుడు. ఒకటి: "పూతలో నల్ల పురుగులు గుంపుగా ఉన్నాయి, పూతంతా రాలిపోతంది." ఇది నల్ల తామర పురుగు, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద బయటపడింది. 2021–22 పంటకాలంలో ఇక్కడి మిరప తోటల్ని ఊడ్చేసింది. మా దగ్గర అప్పటికున్న కాగితాలన్నీ అంతకుముందువి. ఇంజన్ మాత్రం పాత తామర పురుగు పేజీని ధీమాగా మొదట పెట్టింది. ఆరింటికి ఆరూ ఇలాగే.

స్కోరు (రుణ గుర్తు తీసేసి చూస్తే) ఇంతకన్నా తక్కువైతే "లేదు" అనాలి అని గీత గీయబోతే కుదరలేదు. బీఎమ్25 స్కోరు ఒక ప్రశ్నలోపల పోల్చడానికే, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య పోల్చడానికి కాదు. పొడుగు ప్రశ్నకు ఊరికే పెరుగుతుంది.

కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో చెప్పిన సూత్రమే దారి చూపింది: ఎన్ని తక్కువ పేజీల్లో ఉంటే ఆ మాటకు అంత విలువ. ఆకు, మందు, పురుగు ప్రతి పేరాలోనూ ఉంటాయి. పూత, నల్ల, గుంపు అన్నిచోట్లా ఉండవు.

1. ప్రశ్నలో అన్నిటికన్నా అరుదైన రెండు మాటలు తీసుకోవాలి (పర్యాయపదాలు కలిపి).
2. మొదటి ఐదు పేరాల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ రెండూ కలిసి లేకపోతే "మా కాగితాల్లో దీనికి జవాబు లేదు, లాం ఫారం శాస్త్రవేత్తల్ని అడగండి" అని చూపాలి (లాం ఫారం అంటే గుంటూరు దగ్గరున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం).
3. ఆ ప్రశ్నను తేదీతో ఒక ఫైలులో రాయాలి.

6లో 5 పట్టుకుంది. బదులుగా జవాబున్న రెండు ప్రశ్నలకు కూడా "లేదు" అంటోంది. ఆ నష్టం ఒప్పుకున్నాం. తప్పు మందు చెప్పడం కన్నా లాం దాకా పంపడం నయం.

మూడో మెట్టు చాలా ఉపయోగపడింది. ఆ ఫైలు చూసి నల్ల తామర పురుగు మీద కొత్త కరపత్రం తెచ్చి చేర్చాం. పూతలో వచ్చే పురుగులకు నీలి రంగు జిగురు అట్టలు పెట్టమన్న పేజీ అందులోదే. పెద్ద సెర్చ్ ఇంజన్ల దగ్గర తెలుగులో జవాబు దొరకని ప్రశ్నలు కుప్పలుగా ఉండి తీరాలి. వ్యక్తుల వివరాలు తీసేసి ఆ జాబితాను విశ్వవిద్యాలయాలకు, పత్రికలకు ఇస్తే ఏం రాయాలో వాళ్లకు తెలుస్తుంది. తెలుగులో పేజీలు తక్కువ కాబట్టి సెర్చ్ బాగోదు, సెర్చ్ బాగోదు కాబట్టి ఎవరూ రాయరు. ఈ చక్రం తెగాలంటే "లేదు" అన్న మాట లెక్కలోకి రావాలి.

లెక్క: జవాబున్నవి 45/54. "లేదు" 5/6.

## దశ 10: రాసిపెట్టే మోడల్, తీసేశాం

ఫలితాల పైన జవాబును నాలుగు వాక్యాల్లో రాసిపెట్టే పద్ధతి ఇప్పుడు మామూలైంది. గూగుల్ 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌లో మొదలుపెట్టింది. లాప్‌టాప్‌లో పట్టే చిన్న భాషా మోడల్‌కు మా మొదటి ఐదు పేరాలిచ్చి జవాబు రాయమన్నాం. తెలుగు చక్కగా వచ్చింది. కానీ ఒక పేరాలోని మందు పేరుకు పక్క పేరాలోని మోతాదు అతికించింది. చదివేవాడికి అనుమానం కూడా రాదు, అంత సాఫీగా ఉంది వాక్యం. అదే రోజు తీసేశాం. జవాబు ఉన్న లైను కింద గీత గీసిన కాగితం బొమ్మ, పక్కన సంవత్సరం, అంతే ఉంచాం.

## ఇప్పటి స్థితి

అన్ని మార్పులూ అవే 60 ప్రశ్నలు చూసి చేసినవి కాబట్టి, ఇంజన్ ఎప్పుడూ చూడని 20 కొత్త ప్రశ్నలు సత్తెనపల్లి వైపు రైతుల దగ్గర తీసుకున్నాం. మొదటి ఐదులో సరైన పేజీ 13కు వచ్చింది. వేరేచోట ఎంత నిలుస్తుందో ఈ అంకె చూసి అంచనా వేసుకోండి, 45ను చూసి కాదు.

తప్పిన 7:

1. మూడింటిలో రైతు డబ్బా మీది కంపెనీ పేరు చెప్పాడు, కాగితంలో మందు అసలు పేరే ఉంది. డబ్బా లేబుల్ మీద రెండూ ఉంటాయి. కొట్లో ఉన్న డబ్బాల లేబుళ్లు ఫోటో తీసి పట్టిక కడుతున్నాం.
2. రెండింటిలో ప్రశ్నలో రెండు తెగుళ్లు కలిసి ఉన్నాయి. ప్రశ్నను విడగొట్టి రెండుసార్లు వెతికించాలి.
3. ఒకటి తాలు కాయ గురించి. కాగితాల్లో ఆ మాట దిగుబడి లెక్కల్లోనే ఉంది, కారణాల దగ్గర "రంగు మారిన కాయలు" అని ఉంది. పర్యాయపదాల్లో చేర్చాం.
4. ఒకటి స్కాన్ తప్పు. పేజీ వంకరగా పడింది. వంకర సరిచేసి మళ్లీ గుర్తింపుకు పెడితే వచ్చింది.

కంపెనీ పేర్ల పట్టిక అయ్యాక ఇంకో 20 కొత్త ప్రశ్నలు తీసుకుని కొలుస్తాం.